ఇంగ్లిష్ ‘గెట్’ ఫిన్నిష్‌లోకి వెళ్తే: సాద, ప్యాస్త్యా, యౌతువల మధ్య తేడా ఏమిటి?

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో ‘గెట్’ అనే ఒక్క క్రియ చేసే పనిని ఫిన్నిష్ డజనుకు పైగా క్రియలకు, ప్రత్యయాలకు పంచిపెడుతుంది. వస్తువు మన చేతికి వచ్చిందా, మనమే ఒక చోటికి చేరామా, ఒక స్థితిలోకి మారామా, ఇంకొకరి చేత చేయించామా అన్నదాన్ని బట్టి అక్కడ క్రియ మారుతుంది. అది కోరుకున్నదా, నెత్తిన పడ్డదా అన్నది కూడా క్రియే చెబుతుంది. ఈ తేడాల్లో చాలా భాగం తెలుగులో ఇప్పటికే ఉన్నాయి. తెలుగువారు ఫిన్నిష్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటున్నప్పుడు మధ్యలో అవి చెరిగిపోతున్నాయి.

ఫిన్లండ్‌లోని హెల్సింకి, ఎస్పో, వంతా నగరాల్లో సాఫ్ట్‌వేర్, పరిశోధన ఉద్యోగాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఫిన్నిష్ పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే అందుతాయి. ‘నాకు కోపం వచ్చింది’ అనుకున్న మనిషి దాన్ని ముందు ‘ఐ గాట్ యాంగ్రీ’గా మార్చుకుంటాడు. నిఘంటువులో ‘గెట్’ దగ్గర మొదట కనిపించేది ‘సాద’. దాని భూతకాలం ‘సైన్’. కోపంగా ఉన్న అనే విశేషణం దానికి తగిలించి ‘సైన్ విహైసెన్’ అంటాడు. ఆ మాట విన్న ఫిన్లండ్ వ్యక్తికి ‘నాకు కోపిష్టిది ఒకటి అందింది’ అని అర్థమవుతుంది. కుక్కపిల్ల గురించి చెబుతున్నాడేమో అనుకోవచ్చు కూడా. కావలసిన మాట ఒక్కటే: ‘సూతుయిన్’. ‘నేను’, ‘కోపం’, ‘వచ్చింది’ మూడూ అందులోనే ఉన్నాయి.

ఫిన్నిష్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన పద్ధతి గురించి ఒక మాట. ఫిన్నిష్‌లో ట, డ ల మూర్ధన్య ధ్వనులు లేవు. అందుకే త, ద వాడాం. రెండు చుక్కలున్న ‘ఎ’ అక్షరాన్ని ‘క్యాట్’లో పలికినట్టు ‘్యా’గా రాశాం. ఇందులో హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగు లిపిలో చూపడం కుదరదు. ‘జె’ అక్షరం అక్కడ ‘య’గా పలుకుతుంది. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఇ’ అంటే వచ్చే ధ్వనిని ‘్యు’గా చూపాం. ద్విత్వాలు మాత్రం తెలుగులో ఎలా పలుకుతామో అలాగే. ఈ విషయంలో ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికన్నా తెలుగువారి నాలుక ముందుంటుంది.

ఒక్క మాటకు అంత బరువు ఎలా వచ్చింది

‘గెట్’ ఇంగ్లిష్‌లో పుట్టిన మాట కాదు, కనీసం ఇప్పుడున్న రూపంలో. వైకింగులతో సంపర్కం వల్ల పాత నోర్స్ భాషలోని ‘గెత’ అనే క్రియ ఇంగ్లిష్‌లోకి వచ్చి చేరింది. దాని అర్థం పొందడం, చేరుకోవడం. అదే ధాతువుకు పాత ఇంగ్లిష్‌లో ఒక రూపం ఉండేది గానీ అది ఉపసర్గలతోనే కనిపించేది. నేటి ‘ఫర్‌గెట్’ ఆ వంశంలోనిదే. మొదట ‘పొందు’ అన్న అర్థంతో స్థిరపడిన ‘గెట్’ శతాబ్దాల మీద చేరుకోవడం, అవడం, ఒప్పించడం, అర్థం చేసుకోవడం దాకా పాకింది.

ఇలా పాకడానికి కారణం ఇంగ్లిష్ నిర్మాణంలోనే ఉంది. ఆ భాష కాలక్రమంలో విభక్తి ప్రత్యయాల్ని దాదాపు వదిలేసుకుంది. అర్థభేదం చూపే పని పదక్రమానికి, అప్, ఆన్, ఓవర్, అవే లాంటి చిన్న మాటలకు వెళ్లింది. దాంతో క్రియ దాదాపు ఖాళీ గిన్నెలా మారినా పని జరుగుతుంది. పక్కన ఏది పడితే అర్థం అదే. పక్కన నామవాచకం ఉంటే పొందడం, విశేషణం ఉంటే అవడం, చోటు ఉంటే చేరడం, క్రియ ఉంటే అవకాశం దొరకడమో చేయించడమో.

ఫిన్నిష్ దీనికి ఎదురు దారిలో నడిచింది. యురాలిక్ కుటుంబానికి చెందిన ఈ భాషలో వ్యాకరణకర్తలు సాధారణంగా 15 విభక్తులు లెక్కపెడతారు. ధాతువుకు ప్రత్యయం తగిలించి కొత్త క్రియను పుట్టించే శక్తి దానికి ఎక్కువ. తెలుగులాగే అదీ మాట చివర ముక్కలు అతికించే భాష. ఈ పోలిక చూసే 1856లో భాషావేత్త రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలకు ఫిన్నిష్ బంధువర్గంతో చుట్టరికం కలిపే ప్రయత్నం చేశాడు. ఆ చుట్టరికాన్ని నేటి భాషాశాస్త్రం ఒప్పుకోదు. చుట్టరికం లేకపోయినా పోలిక మాత్రం నిజమే, నేర్చుకునేవారికి పనికొచ్చేది ఆ పోలికే.

సాద: చేతికి అందినప్పుడు

‘సాద’ అసలు అర్థం అందుకోవడం. ‘సైన్ కిర్యేన్ ఇస్యాల్త్యా’ అంటే నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘ఇస్యా’ అంటే నాన్న, చివరి ‘ల్త్యా’ మన ‘దగ్గర్నుంచి’. ఇచ్చింది మనిషి కాక సంస్థ అయితే చాలాసార్లు ‘లోంచి’ అనే ప్రత్యయం వస్తుంది: ‘సైన్ లైనన్ పంకిస్త’, బ్యాంకు నుంచి అప్పు దొరికింది. జలుబు కూడా ఇలాగే: ‘సైన్ ఫ్లున్‌స్సన్’.

ఇక్కడ కర్మకు పట్టే విభక్తి దగ్గర మొదటి పొరపాటు జరుగుతుంది. అందింది మొత్తంగా, పూర్తిగా అయితే కర్మ చివర ‘న్’ వస్తుంది. కొంత మాత్రమే అయితే, లేదా అందనే లేదంటే, పాక్షిక విభక్తి వస్తుంది. ‘సైన్ కహ్విన్’ అంటే ఒక కప్పు కాఫీ వచ్చింది. ‘సైన్ కహ్వియ’ అంటే కాస్త కాఫీ దొరికింది. ‘సైన్ కిర్యేన్’ ఉత్తరం వచ్చింది, ‘ఎన్ సానుత్ కిర్యెత్త్యా’ ఉత్తరం రాలేదు. వాక్యం వ్యతిరేకార్థంలోకి మారగానే ‘కిర్యేన్’ కాస్తా ‘కిర్యెత్త్యా’ అయింది. ఇది తెలుగులో లేని సంగతి, ఇంగ్లిష్‌లోనూ లేనిది. విడిగా సాధన చేయక తప్పదు.

సొంత పూనికతో సంపాదించుకున్నదానికి ‘సాద’ సరిపోదు. ‘సైన్ ఔతొన్’ అంటే కారు వచ్చింది, ఎవరో ఇచ్చి ఉండవచ్చు. ‘హంకిన్ ఔతొన్’ అంటే ప్రయత్నించి సమకూర్చుకున్నాను. కొన్నామని స్పష్టంగా చెప్పాలంటే ‘ఓస్తిన్’ ఉంది. ‘హంకిన్’తో ఒక చిక్కు ఉంది. ఉత్తమ పురుష, అంటే ‘నేను’ రూపం, వర్తమానంలోనూ భూతంలోనూ ఒకేలా ఉంటుంది. ‘నిన్న’, ‘రేపు’ లాంటి మాట పక్కన లేకపోతే ఏ కాలమో తెలియదు.

వెళ్లి తేవడం మళ్లీ వేరు. ‘హైన్ మైతొవ కౌపస్త’, అంటే షాపుకెళ్లి పాలు తెచ్చాను. ఈ ‘హకెయ’ అనే క్రియకే దరఖాస్తు చేయడం అన్న అర్థం కూడా ఉంది, వలస వచ్చినవారికి ఇదే ముఖ్యం. నివాస అనుమతి విషయంలో ‘అయామ్ గెట్టింగ్ మై పర్మిట్’ అన్న ఇంగ్లిష్ వాక్యం రెండు దశల్లో దేనికైనా చెల్లుతుంది. ఫిన్నిష్‌లో చెల్లదు. ‘హఎన్ ఒలెస్కెలులుపా’ అంటే దరఖాస్తు నడుస్తోంది, ఇంకా చేతికి రాలేదు, అందుకే పాక్షిక విభక్తి. ‘సైన్ ఒలెస్కెలులువన్’ అంటే మంజూరైంది, పూర్తయింది, అందుకే ‘న్’. యజమానికో, ఇంటి ఓనరుకో ఈ రెంటిలో ఏది చెబుతున్నామో తేడా చాలా ఉంటుంది. డాక్టరు దగ్గర సమయం కూడా ఇలాంటిదే. ‘వరసిన్ అయన్’ అంటే సమయం నేను తీసుకున్నాను, ‘సైన్ అయన్’ అంటే నాకు సమయం దొరికింది.

‘సాద’కు ఇంకో ముఖం అనుమతి. పక్కన మరో క్రియ మూలరూపం పెడితే ‘వచ్చు’ అవుతుంది. ‘సాంకొ తుల్ల సిస్యాన్?’ అంటే లోపలికి రావచ్చా? ‘ఎన్ సా మెన్న్యా’ అంటే నేను వెళ్లకూడదు. ఫిన్లండ్ రెండో అధికార భాష స్వీడిష్‌లోని ‘ఫో’ అనే క్రియకు కూడా సరిగ్గా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, పొందడం, అనుమతి ఉండడం. ఒకటి వచ్చినవారికి రెండోది తేలిక. వ్యంగ్యం కూడా ఇక్కడే దాక్కుంటుంది. ‘సైన్ ఒదొత్తా తున్నిన్’ అంటే పైకి ‘గంటసేపు ఎదురుచూసే భాగ్యం కలిగింది’. నిజంగా చెబుతున్నది గంట పడిగాపులు పడ్డానని.

ప్యాస్త్యా, యౌతువ: సీటు రావడం, జైలు పాలవడం

‘గెట్’కు చేరుకోవడం అన్న అర్థం ఉన్న చోట ఫిన్నిష్ ఒక తీర్పు అడుగుతుంది. చేరింది కోరుకున్న చోటికా, కాదా?

‘షి గాట్ ఇంటు యూనివర్సిటీ’, ‘హి గాట్ ఇంటు జైల్’ రెండింటిలోనూ ఇంగ్లిష్ క్రియ ఒకటే. ఫిన్నిష్‌లో మొదటిది ‘హ్యాన్ ప్యాసి యులియొపిస్తోన్’, రెండోది ‘హ్యాన్ యౌతుయి వంకిలాన్’. (‘హ్యాన్’కు లింగభేదం లేదు, అతను, ఆమె రెండూ అదే.) ప్రత్యయం రెండు చోట్లా ‘లోకి’ అర్థమిచ్చే దీర్ఘమూ ‘న్’నే. మారింది క్రియ. అడ్డంకి దాటి, అవకాశం దొరికి చేరితే ‘ప్యాస్త్యా’. ఇష్టం లేకుండా, పరిస్థితులు నెడితే ‘యౌతువ’.

ఈ తేడా తెలుగువారికి వివరించనక్కరలేదు. జైలు పాలయ్యాడు, ఆస్పత్రి పాలయ్యాడు, అప్పుల పాలయ్యాడు అంటాం. సీటు పాలయ్యాడని ఎవరూ అనరు. మన ‘పాలవడం’ దాదాపు సరిగ్గా ‘యౌతువ’ ఉన్న చోటే కూర్చుంటుంది: ‘యౌతుయి వంకిలాన్’, ‘యౌతుయి సైరాలాన్’, ‘యౌతుయి వెల్కాన్’. అటువైపు సీటు వచ్చింది, బయటపడ్డాడు, గండం గట్టెక్కాడు అనే చోట్ల ‘ప్యాస్త్యా’ వస్తుంది. జైలు నుంచి విడుదలైతే ‘ప్యాసి వంకిలస్త’. ఇంగ్లిష్ దారిలో వెళ్తే ఈ సూచన మధ్యలోనే ఆవిరైపోతుంది. తెలుగు వాక్యాన్నే చూసుకుంటే ఎదురుగా ఉంటుంది.

ఒకే సంఘటనను రెండు క్రియలతోనూ చెప్పగలగడం ఫిన్నిష్‌లో మామూలే. ‘ప్యాసి ఎల్యాక్కేల్లె’ అంటే హాయిగా రిటైరయ్యాడు. ‘యౌతుయి ఎల్యాక్కేల్లె’ అంటే రిటైరు కావలసి వచ్చింది, పని చేయాలనే ఉంది. వార్తల్లో, కార్యాలయ ఉత్తరాల్లో ఈ ఒక్క క్రియ చూసే రాసినవారి వైఖరి పసిగట్టవచ్చు. ‘యౌతువ’ పక్కన మరో క్రియ ‘మాన్’ రూపంలో వస్తే ‘చేయాల్సి వచ్చింది’ అవుతుంది: ‘యౌదుయిన్ ఒదొత్తమాన్’, వేచి ఉండాల్సి వచ్చింది.

రోజువారీ జీవితంలో ‘ప్యాస్త్యా’ అవసరం చాలా ఎక్కువ. దారి అడగాలంటే ‘మితెన్ ప్యాసెన్ రౌతతియె-అసెమల్లె?’, అంటే రైల్వే స్టేషనుకు ఎలా వెళ్లాలి? సమావేశానికి రాలేనని చెప్పాలంటే ‘ఎన్ ప్యాసె కొకొవుక్సేన్’. ఈ రెండో వాక్యంలో తప్పు ఒప్పుకుంటున్న ధ్వని లేదు. కుదరడం లేదని మర్యాదగా చెప్పడం మాత్రమే. ఊళ్ల పేర్ల దగ్గర ప్రత్యయం మాత్రం బట్టీ పట్టాల్సిందే. హెల్సింకికి అంటే ‘హెల్సింకీన్’, ఎస్పోకు అంటే ‘ఎస్పోసేన్’, రెండూ ‘లోకి’ వరుసలోవి. పక్కనే ఉన్న వంతాకు మాత్రం ‘వంతాల్లె’, తాంపెరెకు ‘తాంపెరేల్లె’, ఇవి ‘మీదికి’ వరుసలోవి. ఎందుకని అడిగితే అలవాటు అనే జవాబు వస్తుంది.

అవడం: ఇక్కడ ‘గెట్’కు క్రియే లేదు

పక్కన విశేషణం ఉన్న ‘గెట్’కు ఫిన్నిష్‌లో చాలాసార్లు ప్రత్యేక క్రియ అంటూ ఉండదు. స్థితి మార్పు మొత్తం ఒకే మాటలోకి వెళ్లిపోతుంది. తడిసిపోయాను ‘కస్తుయిన్’. అలసిపోయాను ‘వ్యాస్యుయిన్’. దారి తప్పాను ‘ఎక్స్యుయిన్’. జబ్బుపడ్డాను ‘సైరస్తుయిన్’. చీకటి పడుతోంది ‘పిమెనే’. తెలుగు కూడా ‘తడిగా అయ్యాను’ అనదు, ‘తడిశాను’ అంటుంది. అందుకని ఇక్కడా ఇంగ్లిష్‌ను దాటవేస్తేనే దారి దగ్గర.

ఇలాంటి క్రియల్లో ఎక్కువ భాగం ‘ఉవ’ లేదా దాని జంట స్వరాలతో ముగుస్తాయి. ఇది కర్త తనంతట తాను మారడాన్ని చూపే ప్రత్యయం. దీనికి ఎదురు ‘త్తా’, ఇంకొకరిని మార్చడం. ‘సూత్తువ’ అంటే కోపగించుకోవడం, ‘సూతుత్తా’ అంటే కోపం తెప్పించడం. ‘కస్తువ’ తడవడం, ‘కస్తెల్ల’ తడపడం, ఇక్కడ ప్రత్యయం మాత్రం వేరు. తడియు, తడుపు జతను గుర్తు చేసుకుంటే చాలు.

ఒకే క్రియ దొరకని చోట ‘తుల్ల’ అనే క్రియ సాయం వస్తుంది. దాని మామూలు అర్థం ‘వచ్చు’. దీనితో రెండు నిర్మాణాలున్నాయి, కలిపేస్తే తప్పు. విశేషణమైతే దానికి ‘క్సి’ తగులుతుంది: ‘హ్యాన్ తులి హుల్లుక్సి’, పిచ్చెక్కింది. వృత్తి, హోదా అయితే నిర్మాణం తలకిందులవుతుంది: ‘హ్యానెస్త్యా తులి ల్యాక్యారి’. మాటకు మాట పెడితే ‘అతనిలోంచి డాక్టరు వచ్చాడు’. మనిషి ‘లోంచి’ విభక్తిలో ఉన్నాడు, డాక్టరు కర్త స్థానంలో ఉన్నాడు. ఇక్కడ తెలుగు సాయపడదు. మనం ‘అతను డాక్టరయ్యాడు’ అంటాం కాబట్టి చేయి ‘హ్యాన్ తులి ల్యాక్యారి’ అని రాసేస్తుంది. అలా రాస్తే అర్థం ‘అతను వచ్చాడు డాక్టరు’ అన్నట్టు విరిగిపోతుంది.

ఆకలి, దాహం, జ్వరాల దగ్గర మళ్లీ తెలుగే దగ్గర. ‘నాకు ఆకలేసింది’ అన్న వాక్యంలో అనుభవించే మనిషి ‘కు’ విభక్తిలో ఉంటాడు. ఫిన్నిష్‌లోనూ అంతే: ‘మినుల్లె తులి న్యాల్క్యా’. ‘మినుల్లె’ అంటే నాకు. ‘మినుల్లె నౌసి కూమె’ అంటే నాకు జ్వరం వచ్చింది, మాటకు మాట పెడితే జ్వరం లేచింది. ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసేటప్పుడు మొదట పనికొచ్చే వాక్యం ఇదే. త్వరగా కోలుకోవాలని చెప్పడానికి ‘పరనె పియన్’ అంటారు.

చేయించడం

‘ఐ గాట్ ది కార్ రిపేర్డ్’, ‘ఐ గాట్ హిమ్ టు రిపేర్ ది కార్’ ఇంగ్లిష్‌లో దగ్గరి వాక్యాలు. ఫిన్నిష్ వీటిని రెండు వేరు పెట్టెల్లో పెడుతుంది.

మొదటిది డబ్బిచ్చో, పురమాయించో చేయించిన పని. దీనికి తెలుగు ‘ఇంచు’లాంటి ప్రత్యయమే ఉంది. ‘తెహ్ద్యా’ చేయడం, ‘తేత్త్యా’ చేయించడం. ‘కొర్యత’ బాగుచేయడం, ‘కొర్యౌత్తా’ బాగుచేయించడం. ‘రకెంతా’ కట్టడం, ‘రకెన్నుత్తా’ కట్టించడం. ఎవరి చేత చేయించామో చెప్పాలంటే ఆ మనిషికి ‘ల్ల’ లేదా ‘ల్ల్యా’ తగులుతుంది, అచ్చంగా మన ‘చేత’ ఉన్న చోటే: ‘తేతిన్ త్యువొన్ హ్యానెల్ల్యా’, పని అతని చేత చేయించాను.

రెండోది ఒప్పించడం, అయ్యేలా చేయడం. దీనికి ‘సాద’ తిరిగి వస్తుంది. మనిషి కర్మ విభక్తిలోకి, చేసే పని ‘మాన్’ రూపంలోకి వెళ్తాయి: ‘సైన్ హ్యానెత్ నౌరమాన్’, అతన్ని నవ్వించగలిగాను. ఇందులో ప్రయత్నం ఫలించిందన్న ధ్వని ఉంది. ‘చేయించు’ ప్రత్యయంలో ఆ ధ్వని లేదు, అక్కడ పురమాయింపే ఉంది. పని ముగించగలిగానని చెప్పడం కూడా ‘సాద’తోనే: ‘సైన్ త్యువొన్ వల్మీక్సి’.

కటింగ్ విషయంలో మాత్రం వ్యాకరణం ఒకటి, వాడుక ఒకటి. జుట్టు కత్తిరించుకోవడానికి ‘చేయించు’ రూపం ఉంది గానీ, జనం ఎక్కువగా ‘క్యావిన్ పర్తురిస్స’ అంటారు. మంగలి దగ్గరికి వెళ్లొచ్చాను అని, అంతే.

జరిగిపోయినవి

‘గెట్’ పక్కన భూతకాల రూపం పెట్టి ఇంగ్లిష్ కర్మణి వాక్యాలు అల్లుతుంది. ఫిన్నిష్‌లో దీనికి మూడు దారులు.

ఎవరో చేసిన పనైతే, చేసినవారి పేరు అక్కర్లేకపోతే, కర్త లేని క్రియారూపం: ‘హ్యానెత్ ఇర్తిసనొత్తీన్’, అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తెలుగు ‘తీసేశారు’లో ఆ ‘వారు’ ఎవరో చెప్పనట్టే ఇక్కడా చెప్పరు. ఇదే సంగతి వాడుకలో ‘సై పొత్కుత్’, అంటే ‘తన్నులు అందాయి’. ప్రమాద వార్తల్లో ‘సై సుర్మన్స’ కనిపిస్తే మరణించాడని అర్థం. మాటగా చూస్తే తన చావును అందుకున్నాడని.

మూడో దారి ‘యాద్యా’. మూలార్థం ఉండిపోవడం, మిగిలిపోవడం. దొరికిపోయాను ‘యాయిన్ కీన్ని’. ఇరుక్కుపోయాను ‘యాయిన్ యుమీన్’. కారు కింద పడ్డాడు ‘యాయి ఔతొన్ అల్లె’. ఈ క్రియకు ఒక విడ్డూరం ఉంది. కదలిక లేకపోయినా ‘లోకి’ విభక్తి కోరుతుంది. ఫిన్లండ్‌లో ఉండిపోయాను అనడానికి ‘యాయిన్ సువొమేన్’, అంటే ఫిన్లండ్‌లోకి ఉండిపోయాను. ‘లో’ పెట్టాలనే తెలుగు అలవాటు ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

దొరకడం, కొనడం, కనుక్కోవడం దగ్గర కూడా ఆ ‘లో’ అలవాటు ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. తెలుగులో ‘కాఫీ ఎక్కడ దొరుకుతుంది?’ అంటాం, ‘షాపులో కొన్నాను’ అంటాం. ఫిన్నిష్‌లో వస్తువు ఆ చోటు నుంచి బయటికి వస్తోంది కాబట్టి ‘ఎక్కడి నుంచి’ అనాలి. ‘మిస్త్యా సా కహ్వియ?’ ఒప్పు. ‘మిస్స్యా’ అంటే ఏ చోట అని, ఇక్కడ కుదరదు. ఈ వాక్యంలో ‘నేను’, ‘మనం’ ఏవీ లేవు. ఎవరికైనా వర్తించే మాట అది.

బస్సెక్కడం నుంచి వదిలించుకోవడం వరకు

చిన్న మాటలు చేరిన ‘గెట్’ల జాబితా పొడవే గానీ తర్కం తక్కువ. లేవడం, ఎక్కడం రెండూ ‘నౌస్త’: ‘నౌసెన్ బుస్సీన్’, బస్సెక్కుతున్నాను. దిగడం మాత్రం ‘యాన్ పొయిస్’, అంటే ‘బయట ఉండిపోతాను’. డ్రైవరుకు చెప్పే మాట ‘యాన్ పొయిస్ సెవురావల్ల ప్యుస్యాకిల్ల్యా’, వచ్చే స్టాపులో దిగుతాను. ఒకరితో పొసగడం ‘తుల్ల తొయిమేన్’. వదిలించుకోవడం ‘ప్యాస్త్యా ఎరోన్’, దేన్నైతే వదిలించుకున్నామో దానికి ‘నుంచి’. పరిచయం చేసుకోవడం ‘తుతుస్తువ’, తెలియరావడం ‘సాద తియెత్యా’. పెళ్లి చేసుకోవడం ‘మెన్న్యా నైమిసీన్’. ఈ ‘నైమిసీన్’ ఇలాంటి ఒకటి రెండు స్థిరమైన రూపాల్లో తప్ప బయట కనిపించదు.

అర్థమవడం ‘యుమ్మ్యార్త్యా’, వాడుకలో ‘తయుత’. జోకు అర్థం కాకపోతే ‘ఎన్ తయున్నుత్ విత్సియా’. ఇంగ్లిష్‌లో ‘గాట్ ఇట్’ అని తలూపే చోట మాత్రం క్రియేమీ అక్కర్లేదు. ‘సెల్వ్యా’ అంటే చాలు, స్పష్టం అని.

‘హ్యావ్ గాట్’ అనే మారువేషం

‘ఐ హ్యావ్ గాట్ టూ కిడ్స్’లో పొందడం లేదు, ఉండడమే. ఫిన్నిష్‌లోనూ తెలుగులోనూ ‘కలిగి ఉండు’ అనే సొంత క్రియ లేదు. ‘నాకు ఇద్దరు పిల్లలున్నారు’ అన్నట్టే ‘మినుల్ల ఒన్ కక్సి లస్త’. విభక్తి మాత్రం ‘నాకు’ కాదు, ‘నా దగ్గర’ వరుసలోది. ‘మినుల్ల’ ఉన్న చోట ‘మినుల్లె’ పెట్టడం తెలుగువారు సులువుగా చేసే పొరపాటు. ఉన్నదానికి ‘మినుల్ల’, కొత్తగా వచ్చినదానికి ‘మినుల్లె’.

‘హ్యావ్ గాట్ టు’ అయితే తప్పనిసరి. ‘మినున్ త్యాయుత్యూ మెన్న్యా’, నేను వెళ్లాలి. కర్త ‘నా’ అనే షష్ఠిలో ఉంటుంది, క్రియ ఎవరి విషయంలోనైనా మారదు. వ్యతిరేకంలో జాగ్రత్త కావాలి. వెళ్లనక్కర్లేదు ‘మినున్ ఎయి తర్విత్సె మెన్న్యా’. వెళ్లకూడదు ‘ఎన్ సా మెన్న్యా’. కార్యాలయంలో ఈ రెండూ తారుమారైతే అనవసర పనో, నియమభంగమో జరుగుతుంది.

ఏ క్రియో తేల్చుకునే వరుస

ముందుగా వాక్యాన్ని తెలుగులో పూర్తిగా అనుకోవాలి, ‘గెట్’ను దగ్గరికి రానివ్వకుండా. తెలుగు క్రియ ఒకే మాటగా తడిశాను, అలిశాను అన్నట్టు వస్తే ఫిన్నిష్‌లోనూ ఒకే క్రియ ఉండే అవకాశం ఎక్కువ, దాన్నే వెతకాలి. ‘నాకు’తో మొదలై ఆకలి, జ్వరం లాంటిది వస్తే ‘మినుల్లె’ నిర్మాణం. ‘పాలయ్యాను’, ‘చేయాల్సి వచ్చింది’ అని వస్తే ‘యౌతువ’. ‘చేరగలిగాను’, ‘కుదిరింది’, ‘బయటపడ్డాను’ అని వస్తే ‘ప్యాస్త్యా’. ‘ఇంచు’ ఉంటే ‘త్తా’ క్రియ. ఇవేవీ కాక వస్తువు చేతికి అందితేనే ‘సాద’. నిఘంటువు మొదట చూపించే ఈ మాటను పరిశీలనలో చివరికి నెట్టడం మంచిది.

క్రియ దొరికాక హల్లుల మార్పు చూడాలి. రెట్టింపు హల్లు ఒంటరవుతుంది, ‘త’ ‘ద’ అవుతుంది, ‘క’ ఒక్కోసారి మాయమే అవుతుంది: సూత్తువ నుంచి సూతున్, యౌతువ నుంచి యౌదున్, హకెయ నుంచి హఎన్. ‘నేను’, ‘నువ్వు’ రూపాల్లో ఇలా మెత్తబడిన హల్లు ‘అతను’ రూపంలో తిరిగి గట్టిపడుతుంది. అందుకే ‘నేను కోపగించుకున్నాను’ సూతుయిన్ అయితే ‘అతను’ సూత్తుయి.

పౌరసత్వం కోసం భాషా సామర్థ్యం చూపడానికి చాలామంది రాసే జాతీయ భాషా పరీక్షలో 3వ స్థాయి కావాలి. రాత భాగంలో మనిషి అనుకున్నది ఎదుటివారికి అందిందా అన్నదే ప్రధానం. ఒక విభక్తి జారినా వాక్యం బతుకుతుంది. ‘దరఖాస్తు చేశాను’ అనాల్సిన చోట ‘మంజూరైంది’ అని రాస్తే బతకదు. అందువల్ల తప్పుల్ని దిద్దుకునే క్రమంలో క్రియ ఎంపిక ముందు, హల్లుల మార్పు తర్వాత.

కొత్త క్రియను పుస్తకంలో రాసుకునేటప్పుడు అర్థంతో పాటు అది కోరే విభక్తినీ రాసుకోవాలి. ఫిన్నిష్ పాఠ్యపుస్తకాలు దీన్ని ‘రెక్తియొ’ అంటాయి, ప్రశ్నపదంతో సూచిస్తాయి. తుతుస్తువ మిహిన్, అంటే దేనిలోకి. ప్యాస్త్యా ఎరోన్ మిస్త్యా, దేని నుంచి. సాద కెనెల్త్యా, ఎవరి దగ్గర్నుంచి. యాద్యా మిహిన్. అర్థాన్ని కూడా ఇంగ్లిష్‌లో కాక తెలుగులోనే పక్కన రాసుకుంటే, యౌతువ ఎదురుగా ‘గెట్’ బదులు ‘పాలవడం’ అని ఉంటుంది.